తవ్విన మన్ను ఎటు పోతుంది?

ఫోన్ తెరమీద పిల్లలు గుట్టలను చదును చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి నాగార్జున సాగర్ పోయే సాగర్ రోడ్డు పొడుగునా పెద్దలు నిజం గుట్టలనే చదును చేస్తున్నారు. ఆటలో తవ్వినవాడు మన్నుకు లెక్క చెప్పాలి. ఆ లెక్క యాచారం నేలమీద కూడా అడగాల్సిన సమయం ఇది.

రంగారెడ్డి జిల్లా యాచారం మండలంలో 121 అనే అంకెను ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మందుల కంపెనీల కోసం తలపెట్టిన ఫార్మాసిటీకి భూమి ఇచ్చిన రైతులకు ఎకరానికి 121 గజాల ఇంటిస్థలం ఇస్తామన్న హామీ అది. నక్కర్త మేడిపల్లి, తాటిపర్తి, కుర్మిద్ద, నానక్‌నగర్ ఊళ్ళలో భూసేకరణ మీద ఏళ్ళ తరబడి కొట్లాటలు, ధర్నాలు, కోర్టు కేసులు నడిచాయి. ఎకరానికి 4,840 గజాలు, అంటే 40 గుంటలు. దాన్నిబట్టి 121 గజాలంటే సరిగ్గా ఒక గుంట. మీటర్లలో అయితే దాదాపు పదికి పది.

మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లవాణ్ణి అడిగితే అదే గుంటను వంద బ్లాకులు అంటాడు. ఆ ఆటలో నేల, బండ, ఇసుక అన్నీ బ్లాకులే. ఒక్కో బ్లాకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. పారతో కొడితే మన్ను బ్లాకు ఊడి రావడానికి క్షణం పట్టదు. బండ అయితే గడ్డపార లాంటి పనిముట్టు కావాలి. గుంట నేలను మీటరు లోతున తీసెయ్యడం చేయి తిరిగిన పిల్లవాడికి రెండు మూడు నిమిషాల పని. తీసిన మన్ను జేబులో వేసుకుంటాడు. ఆ జేబులో 36 అరలు, ఒక్కో అరలో 64 బ్లాకులు, మొత్తం 2,304 బ్లాకులు పడతాయి. నిజం మన్ను ఘనపు మీటరుకు టన్నున్నర తూగుతుందనుకుంటే, పిల్లవాడు దాదాపు మూడున్నర వేల టన్నులు జేబులో పెట్టుకుని పరుగెత్తుతున్నట్టు.

అదే గుంటను యాచారంలో ఒక్క అడుగు దించాలనుకోండి. 1,089 ఘనపుటడుగుల మన్ను వస్తుంది. ట్రాక్టరు ట్రాలీకి నూరు ఘనపుటడుగుల చొప్పున పదకొండు ట్రిప్పులు. గట్టిగా పడి ఉన్న మన్ను తవ్వితే పొంగుతుంది కాబట్టి ఇంకో రెండు మూడు ట్రిప్పులు కలుపుకోవాలి. ఎకరాన్ని అడుగు దించితే 43,560 ఘనపుటడుగులు, నాలుగొందల ముప్ఫైకి పైగా ట్రిప్పులు. ఇంత మన్ను ఎక్కడినుంచి తీశారన్నది అందరికీ తెలుస్తుంది, బోర్డు పెట్టి మరీ చూపిస్తారు. ఎక్కడ పోశారన్నదే కాయితంమీద కనబడదు.

మూల ఒకరిది కాదు

మైన్‌క్రాఫ్ట్‌ను 2009లో బయటపెట్టింది మార్కస్ పెర్సన్ అనే స్వీడన్ కుర్రాడు. 2014లో మైక్రోసాఫ్ట్ ఆయన కంపెనీని రెండున్నర బిలియన్ డాలర్లకు కొన్నది. 2023 నాటికి ఆట 30 కోట్ల కాపీలు దాటింది. అంతకుముందు ఇదే పెర్సన్, రాల్ఫ్ యాన్సన్ అనే మిత్రుడితో కలిసి ఇంకో ఆట తయారుచేశాడు. దాని పేరు వర్మ్ ఆన్‌లైన్, 2006లో వచ్చింది. మనవైపు దాన్ని ఆడేవాళ్ళు అరుదు. నాకు మాత్రం భూమి గురించి చెప్పగల ఆటల్లో దాన్ని మించింది లేదనిపిస్తుంది.

అందులో నేల నాలుగు మీటర్ల గళ్ళుగా ఉంటుంది. మన గుంట ఆరు గళ్ళకు కాస్త ఎక్కువ. పార వేస్తే గడి మొత్తం దిగదు, దగ్గరున్న మూల ఒక్కటి కొంచెం దిగుతుంది. ఒక్కో తవ్వుకు వచ్చే మన్ను ఇరవై కిలోలు. అది సంచిలో బరువవుతుంది, మనిషి నడక మందగిస్తుంది, ఇంకా ఎత్తితే అడుగు పడదు. ఒంట్లో ఉన్న బలానికి మించి మోయలేడు, బండి కట్టుకోవాలి. అనుభవం లేనివాడు నిటారైన ఏటవాలు తవ్వబోతే చేతకాదని ఆట ఆపేస్తుంది. మన్ను పొర అయిపోయి బండ తగిలితే పార పనిచేయదు.

చదును చేసే పద్ధతి ఇంకా బాగుంటుంది. ముందు తాను చదునైన గడిలో నిలబడి ఉండాలి. పక్క గడిని చదును చేయమంటే, ఎత్తున్న మూలల మన్ను అతని సంచిలోకి వస్తుంది. పల్లంగా ఉన్న మూలలకు అతని సంచిలో మన్నే పోవాలి. సంచి ఖాళీ అయితే పని ఆగిపోతుంది. గాలిలోంచి మన్ను పుట్టదు, గాలిలోకి పోదు. ఎక్కడో గొయ్యి పడకుండా ఇంకోచోట పల్లం పూడదు.

ఇందులో అసలు సంగతి మూల దగ్గర ఉంది. ప్రతి మూలా నాలుగు గళ్ళకు ఉమ్మడిది. నా గడి చదును కావడానికి నేను మూల దించితే పక్కవాళ్ళవి ఇంకో మూడు గళ్ళు వంగుతాయి. అందుకే ఎవరైనా ఊరు కట్టుకుని హద్దు వేసుకున్నచోట వాళ్ళ అనుమతి లేకుండా పార దిగనివ్వదు ఆ ఆట. నా స్థలం, నా ఇష్టం అన్న మాట అక్కడ చెల్లదు.

మన పల్లెల్లో ఆ ఉమ్మడి మూలనే గెట్టు అంటాం. గెట్టు పంచాయితీ లేని ఊరు తెలంగాణలో ఉండదు. జానెడు గెట్టు జరిపినందుకు అన్నదమ్ములు పోలీస్‌స్టేషన్ మెట్లెక్కిన కథలు ప్రతి మండలంలో వినబడతాయి. బయటివాళ్ళకు అది మూర్ఖపు పట్టుదలలా కనిపిస్తుంది. యాచారం లాంటి ఏటవాలు చెలకల్లో గెట్టు ఒట్టి హద్దు కాదు. పై చేను మన్నునూ పై చేను నీళ్ళనూ ఆపి ఉంచే చిన్న కట్ట అది. పై వాడు రెండడుగులు మన్ను పోసి తన స్థలాన్ని మెరక చేసుకుంటే, కింది చేను పక్కన వదులు మన్ను గోడలా నిలబడుతుంది. మొదటి పెద్ద వానకు మొరం జారి దున్నిన సాళ్ళమీద పరుచుకుంటుంది. కింది వాడు తన స్థలాన్ని లోతుకు తీసి చదును చేసుకుంటే పై చేను గెట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. రెండు సందర్భాల్లోనూ హద్దురాయి పెట్టినచోటే ఉంటుంది. సర్వేయరు గొలుసు పట్టి చూసినా తప్పు దొరకదు, ఎందుకంటే అతను కొలిచేది పొడవూ వెడల్పూ, ఎత్తు కాదు.

చెలక కింద మొరం, మొరం కింద బండ

రంగారెడ్డి జిల్లా ఈ వైపు నేలను కోసి చూస్తే పొరలు తేటగా తెలుస్తాయి. పైన ఎర్ర చెలక, జానెడు నుంచి రెండు మూడడుగులు. దాని కింద మొరం. అంటే యుగాల తరబడి ఎండకూ నీటికీ కుళ్ళి పొడిగా విడిపోయిన గ్రానైటు. ఆ కింద పరుపుబండ. దక్కను పీఠభూమికి ఆధారమైన ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. పల్లాల్లో, కుంటల కింద మాత్రం నల్లని బంకమన్ను చేరి ఉంటుంది. పంట పండేది పై జానెడులో. వాన నీళ్ళు దాగేది మొరంలో. బోరు బావికి ఊట వచ్చేది బండ పగుళ్ళలో.

వెంచర్ కోసం ఈ నేలమీదికి జేసీబీ దిగినప్పుడు జరిగేది ఒకసారి దగ్గర నిలబడి చూడాలి. ముందు పై చెలకమన్ను గీకి ఒక పక్కకు తోస్తారు. అది ఇళ్ళ పునాదికి పనికిరాదు. తర్వాత మెరకలో మొరం కోస్తారు. హిటాచీ దంతాలు మొరంలోకి దిగుతున్నంతసేపూ ఒక గరగర, బండ తగలగానే కీచుమని ఇనుము అరుపు. కోసిన మొరాన్ని పల్లంలో పోసి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పుతారు. ఇంజినీరు కర్ర పట్టుకుని లెవెల్ చూస్తాడు. మేస్త్రి పారదర్శకపు పైపులో నీళ్ళు నింపి రెండు కొసల్లో మట్టం సరిచూసుకుంటాడు. ఇదంతా నైపుణ్యమున్న పనే, చేసేవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. నా బాధ పల్లం గురించి. ఆ నేలలో అన్నిటికన్నా పల్లంగా ఉండేది ఒర్రె. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి, తుమ్మచెట్లు మొలిచి, ఎవరికీ చెందనట్టు పడి ఉంటుంది. మొదట పూడేది అదే. చదునుకు అడ్డమున్నది కూడా అదొక్కటే.

మైన్‌క్రాఫ్ట్‌లో వాన పడుతుంది, కానీ మన్ను కొట్టుకుపోదు. చదునైన నేలమీద వదిలిన నీళ్ళు ఏడు బ్లాకులు పారి ఆగిపోతాయి. పూడ్చిన వాగు మళ్ళీ తన దారి వెతుక్కోదు. వర్మ్‌లో కూడా నేల వంపుకు వాన నీళ్ళు పారవు. మన్నుకు లెక్క నేర్పిన ఆట నీటికి లెక్క నేర్పలేకపోయింది. ఆ భాగం మన చెరువుల్లోనే చదువుకోవాలి.

తవ్విన చోటే చెరువు, తవ్విన మన్నే కట్ట

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. ఊరి పేరులోనే ఆయన ఉన్నాడు. ఆ రోజుల్లో చెరువు తవ్వే పద్ధతి వర్మ్ నియమానికి సరిగ్గా సరిపోతుంది. నీళ్ళు నిలవాల్సిన చోట మన్ను తవ్వి, ఆ మన్నునే తట్టలతో మోసి ఎదురుగా కట్ట వేసేవాళ్ళు. ఎంత తవ్వితే అంత లోతు, అంత కట్ట. మన్ను బయటినుంచి రాదు, బయటికి పోదు. వడ్డెర్లు తరతరాలుగా ఈ పనిలో ఆరితేరినవాళ్ళు. దక్షిణాది చెరువుల వెనుక, రోడ్లూ రైలు కట్టల వెనుక వాళ్ళ చేతులున్నాయి. సాగర్ రోడ్డు పట్టుకుని ఇక్కడినుంచి తిన్నగా పోతే వచ్చే నాగార్జున సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ రాతికట్టడం యంత్రాలకన్నా మనుషుల చేతులమీద ఎక్కువగా లేచింది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు తవ్వారు. వాళ్ళకు మన్ను బరువు కాయితంమీద అంకె కాదు, తలమీద తట్ట.

ఉపాధి హామీ పనులకు పోయినవాళ్ళను అడిగితే ఈ లెక్క ఇప్పటికీ చెబుతారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంలో కందకాలు, ఊటకుంటలు తవ్వితే కూలి ఘనపు మీటర్ల కొలతను బట్టి లెక్కగట్టేవాళ్ళు. మెత్తని నేలకు ఒక రేటు, గట్టి మొరానికి ఇంకో రేటు. మన్నును ఎంత లోతునుంచి పైకెత్తారు, ఎంత దూరం మోసుకెళ్ళి పోశారన్నదానికీ లెక్క ఉండేది. వెడల్పుగా తవ్వే గోతిలో అక్కడక్కడా మన్నుదిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. పైన గడ్డి అలాగే ఉంటుంది, చుట్టూ గొయ్యి. అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మె చూపిస్తుంది. కొలతలు తీసుకుని, పుస్తకంలో రాసుకున్నాకే దాన్ని కొట్టేయాలి. ఎండలో గడ్డపార పట్టిన ఆడమనిషి తవ్విన మన్నుకు ఇంత కచ్చితంగా లెక్క అడిగాం. రాత్రికి రాత్రి గుట్ట మాయం చేసే యంత్రానికి ఒక్క దిమ్మె వదలమని ఎన్నడన్నా చెప్పామా?

మన్నును మంచిగా జరిపిన సందర్భం కూడా మనకు దగ్గర్లోనే ఉంది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46,531 చెరువులు, కుంటలను గుర్తించారు. పూడిక తీసే ఖర్చు సర్కారుది, ట్రాక్టర్లు పెట్టి తోలుకునే ఖర్చు రైతుది. చెరువు అడుగున పేరుకున్న నల్లమన్ను ఎక్కడిది? ఏళ్ళ తరబడి పై చెలకలనుంచి వానకు కొట్టుకొచ్చినదే. అది తిరిగి చెలకలకు చేరింది. చెరువు లోతయింది, ఎర్రనేలకు తేమ పట్టే గుణం వచ్చింది. ఒకే తవ్వకంతో రెండుచోట్లా బాగుపడటం అంటే ఇది. ప్రతి చెరువులోనూ పని ఇంత పద్ధతిగా సాగిందని అనను. అయినా ఆ ఆలోచనను నేను మనసారా గౌరవిస్తాను.

నీటి లెక్క చిన్నదే. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు, అంటే ఎనిమిది నీళ్ళ ట్యాంకర్లు. చెలక అయితే అందులో చాలా భాగాన్ని తాగేస్తుంది. రోలరు తిప్పి, తారు పోసిన వెంచర్ తాగదు. పది సెంటీమీటర్లు పడితే ఎకరానికి ఎనభై ట్యాంకర్లు, వంద ఎకరాల వెంచర్‌కు ఎనిమిది వేలు. అంత నీళ్ళను తీసుకుపోవాల్సిన ఒర్రె అప్పటికే ప్లాట్ల కింద ఉంటుంది. 2020 అక్టోబరులో ఇదే జిల్లా బాలాపూర్‌లో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగినప్పుడు, ఇళ్ళలోంచి బురద ఎత్తిపోసుకున్నవాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. అక్కడ పైనుంచి కిందికి ఒక చెరువు అలుగు ఇంకో చెరువుకు దారి. మన పెద్దలు గొలుసుకట్టు అన్నది అందుకే. నడుమ ఒక్క లంకె పూడినా కింది ఊరికి వేసవిలో కరువు, వానాకాలంలో వరద.

యాచారాన్ని బ్లాకుల్లో కట్టాలి

ఇప్పుడు యాచారం ఇంకా పెద్ద తవ్వకానికి సిద్ధమవుతోంది. 2025లో ఏర్పాటైన ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ కిందికి ఏడు మండలాల్లోని 56 గ్రామాలు వచ్చాయి. ఆమనగల్లు, ఇబ్రహీంపట్నం, కడ్తాల్, కందుకూరు, మహేశ్వరం, మంచాల, యాచారం. కొత్త నగరం రావద్దని నేను అనడం లేదు. ఈ ఊళ్ళ పిల్లలకు కూడా కాలేజీలు, ఉద్యోగాలు కావాలి. వచ్చే నగరం ఏ వంపున కూర్చుంటుందో ముందే చూసుకోమంటున్నాను. అందుకు ఈ ఆటలే పనికొస్తాయి.

2014లో డెన్మార్క్ సర్కారు భూ సమాచార శాఖ తమ దేశం మొత్తాన్ని మైన్‌క్రాఫ్ట్‌లో ఉన్నదున్నట్టుగా కట్టి, అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. ఎత్తుపల్లాల కొలతలన్నీ తమ దగ్గర ఉన్నవే, బడిపిల్లలు వాడుకోవాలని ఉద్దేశం. కొందరు ఆకతాయిలు కొన్ని ఊళ్ళను పేల్చేశారు, శాఖవాళ్ళు మళ్ళీ సరిచేశారు. ఏడాది ముందే బ్రిటన్ సర్వే సంస్థ 2,200 కోట్ల బ్లాకులతో తమ దీవిని కట్టింది. నగరాల్లో ఉమ్మడి జాగాలను ఎలా వాడుకోవాలో స్థానికులతోనే బ్లాకుల్లో గీయించే పనిని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం 2012నుంచి చేస్తోంది.

మనకు వీటికి కావాల్సిన సరుకు దూరంలో లేదు. కార్టోశాట్ ఉపగ్రహం తీసిన చిత్రాలతో తయారుచేసిన దేశపు ఎత్తుపల్లాల పటం ఇస్రో వారి భువన్‌లో ఉచితంగా దొరుకుతుంది. భువన్‌ను నడిపే జాతీయ దూరసంవేదన కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. ఉపగ్రహాల డేటా దిగే దాని స్టేషన్ షాద్‌నగర్‌లో, అంటే ఇదే రంగారెడ్డి జిల్లాలో. మైన్‌క్రాఫ్ట్ కొనడానికి డబ్బులు లేని బడికి లువాంటి అనే ఉచిత ఆట ఉంది. 2024 దాకా మైన్‌టెస్ట్ అనేవాళ్ళు, పాత కంప్యూటర్లమీద కూడా నడుస్తుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. భువన్ పటంలో ఒక్కో చుక్క ముప్ఫై మీటర్ల మేర నేలను చెబుతుంది. గుట్టలు, పెద్ద చెరువులు అందులో తెలుస్తాయి. రెండు మీటర్ల ఒర్రె, కుంటకు నీళ్ళు తెచ్చే పాటుకాలువ అందులో కనబడవు. వాటిని నడిచే కనుక్కోవాలి. తూములు తెరిచి మూసే నీరటి పని చేసినవాళ్ళు కొందరైనా ఊళ్ళల్లో ఉన్నారు. ఏ వానకు ఏ ఒర్రె పొంగిందో వాళ్ళ కాళ్ళకు తెలుసు. నందివనపర్తిలోనో చింతపట్లలోనో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పెద్దమనిషి వెంట రెండు ఆదివారాలు నడిస్తే, ఫోన్‌లో గుర్తులు పెట్టుకుంటూ ఊరి నీటిదారులన్నీ పట్టుకోవచ్చు. ఇంటికొచ్చి తెరమీద ఆ బ్లాకులు తవ్వడానికి ఇంకో రోజు. తవ్వడం వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ పటాన్ని గ్రామసభలో పెద్ద తెరమీద వెయ్యాలి. రోడ్డు వేసేవాళ్ళయినా, వెంచర్ వేసేవాళ్ళయినా, సర్కారే అయినా ముందు అందులో తవ్వి చూపించాలి. మెరకలో ఎన్ని బ్లాకులు తీస్తున్నారు, అవి ఎక్కడ పోస్తున్నారు, ఒర్రెకు ఎంత వెడల్పు వదులుతున్నారు, పక్కవాళ్ళ గెట్టు ఎన్నడుగులు దిగుతుంది, కింది కుంటకు నీళ్ళు ఏ దారిన చేరతాయి. పక్క చేను రైతు తెర దగ్గరికి వచ్చి తన మూల తాను చూసుకున్నాక, సర్పంచు తీర్మానం పుస్తకంలో ఆ కొలతలు ఎక్కాక జేసీబీని చేనులోకి రానివ్వాలి.